మా సుశీల చదవగలిగేది

లాల్‌గడి మలక్‌పేట్,
12 జులై 1998

చెల్లె సుశీలకు,

అన్న రాఘవేందర్ దీవెనలు. ఇక్కడ అందరం తిని తిరుగుతున్నాం. లక్ష్మణ్ బావ, పిల్లలు బాగున్నారనుకుంటాను. జబల్‌పూర్‌లో వానలు మొదలయ్యాయా? ఇక్కడ మొగులు మురిపించడమే తప్ప చుక్క రాల్చడం లేదు. శామీర్‌పేట చెరువు అడుగు కనిపిస్తోంది.

మన అంగూరు తోట సంగతి నీకు రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. తీసేశాం. బోరు ఎండిపోయింది, మిగిలిన తీగలకు తెగులు పట్టింది. పందిరి రాతికడీలు మాత్రం పొలంలో అట్లాగే నిలబడి ఉన్నాయి. ప్లాట్లు చేసేవాళ్లు వారానికి ఒకసారి వచ్చి అడిగిపోతున్నారు. కాళ్లూ చేతులూ ఆడుతున్నంత కాలం భూమి అమ్మేది లేదని బాపు కూర్చున్నాడు. కాళ్లయితే సరిగ్గా ఆడడం లేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం.

బాపు సంగతి నువ్వు ఏ ఉత్తరంలోనూ అడగవు. అమ్మ పోయినప్పుడు వచ్చి, మూడోనాడు కాగానే వెళ్లిపోయావు. నాలుగేళ్లయింది. పోయిన వేసవిలో యాప్రాల్‌లో మీ అత్తగారింటికి వచ్చి పది రోజులున్నావట, మన వాడకట్టు మల్లేశం చెప్పాడు. అక్కడి నుంచి మన ఊరికి గంట ప్రయాణం. బాపు కూడా విన్నాడు ఆ మాట. ఈసారి సెలవుల్లోనైనా రా చెల్లె. ముసలాయన ఎన్నాళ్లుంటాడో తెలియదు.

ఇంకొక చిన్న పని. మా అశ్రిత ఎనిమిదో తరగతికి వచ్చింది. ఇంగ్లీషులో కెన్, కుడ్, మే, మస్ట్ అని ఒక పాఠం ఉంది. మోడల్ వెర్బ్స్ అంటారట. పిల్లకు ఎంత చదివినా ఎక్కడం లేదు. వాళ్ల సారుకు కూడా సరిగ్గా రాదని చెబుతోంది. నువ్వు అక్కడ బడిలో చిన్నపిల్లలకు ఇంగ్లీషులోనే చెబుతావు కదా, తేలిగ్గా నాలుగు ముక్కలు రాసి పంపితే మేలు. జల్దీ పంపు.

మీ వదిన అడిగినట్టు చెప్పమంది.

నీ మేలు కోరే,
రాఘవేందర్

*

జబల్‌పూర్,
30 జులై 1998

అన్నా,

నాలుగు పేజీలు రాస్తే అందులో సగం మొగులూ చెరువూ. అసలు సంగతి చివర్లో ఇరికిస్తావు. చిన్నప్పటి నుంచీ నీది అదే వరస.

ముందు అశ్రిత సంగతి. ఆ సారు ఎవరో గానీ, గైడు ముందు పెట్టుకుని బోర్డు మీదకి దింపి, దింపింది పిల్లలతో అరిపించే రకం అయి ఉంటాడు. రానివాడు ఆ కుర్చీలో ఎందుకు కూర్చోవాలి? రాదని చెప్పుకోవడానికి సిగ్గు, నేర్చుకోవడానికి ఇంకా సిగ్గు. మధ్యలో పిల్లల బతుకు పాడు. నేనైతే ముందు ఆ సారును బెంచీ మీద నిలబెడతాను.

ఇప్పుడు పాఠం. ఈ మాటలు మనుషుల మధ్య ఉండేవి అన్నా. క్రియ పని ఒక్కటే చెబుతుంది. ఈ చిన్న మాట, ఆ పని చేసే మనిషికి చేతనవునా, ఎవరినైనా అడగాలా, చేయక తప్పదా అన్నది చెబుతుంది. కెన్ అంటే చేతనవును. ఒకప్పుడు చేతనయ్యేది అంటే కుడ్. మే అంటే పెద్దవాళ్లను అడగడం. మైట్ అంటే అయితే కావచ్చు, లేకపోతే లేదు. మస్ట్ అంటే తప్పదు. వుడ్ నాట్ అంటే ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. వీటి వెనక వచ్చే క్రియకు ఏ తోకా తగిలించొద్దు, ముందు ‘టు’ పెట్టొద్దు. వ్యాకరణం ఇంతే. ఎవరు ఎవరితో అంటున్నారో తెలిస్తే మిగతాది దానంతట అదే వస్తుంది.

ఉదాహరణలు ఇవి. కింద తెలుగు కూడా రాశాను.

అవర్ సుశీల కుడ్ రీడ్ వెల్. మా సుశీల బాగా చదవగలిగేది.
షి మైట్ బికమ్ ఎ టీచర్. ఆమె టీచరు కావచ్చు.
మే ఐ గో టు ద హాస్టల్, ఫాదర్? నాయినా, నేను హాస్టలుకు పోవచ్చా?
హర్ ఫాదర్ వుడ్ నాట్ సెండ్ హర్. వాళ్ల నాయిన పంపనన్నాడు.
షి మస్ట్ కట్ గ్రేప్స్. ఆమె అంగూరు కోయాల్సిందే.

రాద్దామని కూర్చుంటే ఇవే వచ్చాయి. చింపేసి వేరేవి రాద్దామనుకునే లోపల మీ బావ చెప్పులు వేసుకుని పోస్టుకు బయలుదేరారు. ఏం ఫరవాలేదు, అశ్రితను పేర్లూ పనులూ మార్చి తన ఇంటి మనుషులతో కొత్తగా రాయమను. అట్లా రాస్తేనే వస్తుంది. ఇవే బట్టీ పట్టనియ్యకు.

బాపును అడగలేదని రాశావు. అడగను. చూసుకోవడానికి నువ్వున్నావు, వదిన ఉంది. నేను ఏ మొహంతో రావాలి, ఏ మొహం చూడడానికి రావాలి?

అశ్రితకు ఒక నీలం గౌను, దానితో పాటు ఇంగ్లీషులో చిన్న ఉత్తరం వేరే పార్సెల్లో పంపుతున్నాను. జవాబు ఇంగ్లీషులోనే రాయాలి. తప్పులుంటే దిద్ది తిరిగి పంపుతాను.

నీ చెల్లె,
సుశీల

*

లాల్‌గడి మలక్‌పేట్,
20 సెప్టెంబర్ 1998

చెల్లెకు,

నీ పాఠం అద్భుతం. అశ్రితకే కాదు, వాళ్ల క్లాసులో అరవై మందికీ అందింది. హెడ్మాస్టరు రాజారావు గారు కిటికీ పక్కన నిలబడి విని, “ఇంగ్లీషు పీరియడ్ల పిల్లలు నోరు తెరుసుడు గిదే మొదటిసారి” అన్నారట. ఆ ఐదు వాక్యాలూ అడగ్గానే గడగడా చెప్పేస్తున్నారు.

ఇక షుడ్ ఉంది. అది కూడా తేలిగ్గా రాయి. ‘యు షుడ్ గో’ అంటే హుకుమా, సలహానా అని అశ్రిత అడుగుతోంది.

గౌను సరిపోయింది. ఉత్తరం కూడా అందింది. పిల్లకు పరీక్షలు, కాబట్టి జవాబు కొంచెం ఆలస్యమవుతుంది. వానలు చివరికి బాగానే పడ్డాయి, చెరువు కట్ట సగం వరకూ నీళ్లు. బాపు మూడు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. ఏమైందంటే చెప్పడు.

రాఘవేందర్

*

జబల్‌పూర్,
18 నవంబర్ 1998

అన్నా,

దసరా పోయింది, దీపావళి పోయింది. అశ్రిత జవాబు రాలేదు. రెండో ఉత్తరం రాశాను. దానికీ లేదు. ప్రతిసారీ ‘అశ్రిత అడుగుతోంది’ అని నువ్వు రాస్తావు, ఆ పిల్ల చేతి గీత ఒక్కటి నాకు కనపడదు.

నిజం చెప్పు. పిల్ల బడికి పోతోందా?

బాపు మళ్లీ అదే పని చేశాడా? నాకు ఏడో తరగతి కాగానే ఆపాడు, దీనికి ఎనిమిది దాకా ఓపిక పట్టాడా? తోట కూడా లేదు కదా ఇప్పుడు, ఏం కోయించడానికి ఆపాడు? నువ్వు మెత్తనివాడివి, ఆయన ముందు నోరు మెదపలేవు. నాకు తెలియదా? ఆపి ఉంటే ఒక్క కార్డు రాయి చాలు. నేను వచ్చి పిల్లను తీసుకుపోతాను. ఆ గడప తొక్కను. బయట నిలబడి పిలుస్తాను, సంచీ పట్టుకుని వచ్చేయమని చెప్పు.

షుడ్ సంగతి అడిగావు. హుకుం కాదు. చేస్తే మంచిది అని చెప్పడం. చేయాల్సిన పని ఉండి చేయని మనిషి గురించి కూడా ఆ మాటే వాడతాం.

కోపంలో రాస్తున్నాను. కోపం తగ్గాక రాస్తే అబద్ధాలు రాస్తాను, అందుకని ఇట్లాగే పోస్టులో వేస్తున్నాను.

సుశీల

*

లాల్‌గడి మలక్‌పేట్,
6 డిసెంబర్ 1998

చెల్లె సుశీలకు,

అశ్రిత బడికి పోతోంది. ఎవరూ ఆపలేదు. నీ రెండు ఉత్తరాలూ నా బీరువాలో ఉన్నాయి, పిల్ల చూడనే లేదు. చూస్తే జవాబులో, “నేను ఏ పాఠం అడగలేదు అత్తా” అని రాస్తుందని దాచాను.

అడిగింది నేను. వాళ్ల సారును నేనే.

నేను సోషల్ చెప్పే మనిషినని నీకు తెలుసు. జూన్‌లో ఇంగ్లీషు సారు బదిలీ అయ్యాడు, కొత్తవాళ్లు రాలేదు. మన బళ్లలో ఇట్లాంటప్పుడు ఇంగ్లీషు సోషల్ సారు నెత్తినే పడుతుంది. రాజారావు గారు ఎనిమిదో తరగతి పుస్తకం నా చేతిలో పెట్టారు. రాదని చెప్పలేకపోయాను. నెల తిరక్కుండానే ఇన్‌స్పెక్షన్ వచ్చింది. బోర్డు మీద నేను ‘హి మస్ట్ టు గోస్’ అని రాసి ఉంది. ఆఫీసరు దాన్ని చూసి, “సారూ, ఇందులో ఎన్ని తప్పులున్నాయో మీరు చెబుతారా, పిల్లలను అడగమంటారా?” అన్నాడు. నేను నిలబడ్డాను. నాకు ఒక్క తప్పూ కనపడలేదు చెల్లె. మూడో బెంచీలో నా బిడ్డ తల వంచుకుంది. ఆ సాయంత్రం స్కూటర్ వెనక నన్ను పట్టుకోకుండా, స్టెప్నీ చక్రం పట్టుకుని ఇల్లు చేరింది. ఆ వారమే నీకు పాఠం అడుగుతూ ఉత్తరం రాశాను. ఏడో తరగతితో ఆగిపోయిన చెల్లెను బీఈడీ చేసిన అన్న అడగడానికి నోరు రాలేదు, అందుకని బిడ్డ పేరు పెట్టాను.

రానివాడు ఆ కుర్చీలో ఎందుకు కూర్చోవాలి అని రాశావు. పది సార్లు చదివాను ఆ వాక్యం.

ఇంకా ఉంది. పేర్లు మార్చమన్నావు. నేను మార్చలేదు. సుశీల తీసి సుక్కమ్మ అని పెట్టడానికి కూడా ఇంగ్లీషు రావాలా అని నవ్వుతావు. ఒక్క మాట కదిపితే మిగతాది కూడా తప్పవుతుందేమోనని నాకు భయం. మళ్లీ ఎవరైనా ఆఫీసరు వస్తే? కామాతో సహా దింపాను. ఇంగ్లీషూ తెలుగూ రెండూ దింపాను. అరవై మంది బట్టీ పట్టారు. బర్రెలు కాస్తూ అదే, బస్సు కోసం నిలబడి అదే. అవర్ సుశీల కుడ్ రీడ్ వెల్.

సెప్టెంబర్‌లో ఒక రోజు అశ్రిత అరుగు మీద కూర్చుని చదువుతోంది. బాపు పక్కనే అన్నం తింటున్నాడు. నేను లోపల ఉన్నాను.

“ఏంది బిడ్డా, మాటిమాటికి సుశీల సుశీల అంటున్నవ్?”

“పాఠం తాతా. ఇంగ్లీషు.”

“మీ అత్త పేరు పాఠంల ఎందుకొచ్చె? జెర తెలుగుల చెప్పు.”

పిల్ల ఒక్కొక్కటీ చెప్పింది. నాలుగో దాని దగ్గరికి వచ్చేసరికి దానికి ఏదో అర్థమై ఆగింది.

“ఆగినవేంది? చెప్పు.”

“వాళ్ల నాయిన పంపనన్నడు.”

“ఆ తర్వాత?”

“అంగూరు కొయ్యాల్సిందే.”

బాపు కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. “మంచిగ రాసిండ్రు. ఒక్క అబద్ధం లేదు” అన్నాడు. బడి పిల్లలు ఆ దారిన ఇళ్లకు పోయే వేళకు ఇప్పుడు అరుగు మీద ఉండడం లేదు. అరిచినట్టు చదువుకుంటూ పోతారు కదా, వాళ్ల గొంతులు మలుపు దగ్గర వినపడగానే లేచి లోపలికి పోతాడు. అన్నం ఎందుకు తినడం లేదో నాకు తెలుసు, తెలిసే నీకు ‘ఏమైందంటే చెప్పడు’ అని రాశాను.

నన్ను నువ్వు ఏమన్నా పడతాను.

రాఘవేందర్

*

జబల్‌పూర్,
2 జనవరి 1999

అన్నా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. ‘మస్ట్ టు గోస్’ దగ్గర మీ బావకు కూడా చదివి వినిపించాను. ఆ తర్వాత నేను ఆ సారును తిట్టిన తిట్లు గుర్తొచ్చి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నేను రాసింది నా అన్నకని నాకేం తెలుసు? నన్ను అడగడానికి నీకు సిగ్గెందుకు? ఇంకొకరైతే వేరు. నిన్ను నేను ఎప్పుడైనా తక్కువగా చూశానా?

అరవై మంది నా పేరు పెట్టుకుని అరుస్తున్నారంటే ఒళ్లు జలదరించింది. నా ఏడుపు నేను కాగితం మీద రాసుకున్నాను, అది ఊరంతా తిరుగుతోంది. రేపే పేర్లు మార్చు. సుక్కమ్మ అనే పెట్టు, ఏం తప్పు కాదు.

బాపు విన్నాడని రాశావు. విననీ. నాకు జాలి వేయాలని రాశావేమో, వేయలేదు అన్నా. ఎందుకో నీకు తెలుసు. ఆ రోజు జరిగింది మనిద్దరికే తెలుసు. ఏడో తరగతిలో నేను బడికంతా మొదట వచ్చాను, ఆడపిల్లల హాస్టలు బడిలో సీటు వచ్చిందని పెద్దసారు ఇంటికి వచ్చి చెప్పిపోయాడు. అమ్మ రెండు లంగాలు ఉతికి ఆరేసింది. బట్టలు మూట కట్టుకుని వాకిట్లో కూర్చున్నాను. బాపు పొద్దున కూడా, “పోదువు తియ్యి” అన్నాడు. మధ్యాహ్నం తోట నుంచి వచ్చి, మూట తీసి లోపల పెట్టి, “వద్దు” అన్నాడు. ఎందుకు అని అడిగాను. చెప్పలేదు. అమ్మ అడిగింది. చెప్పలేదు. ఇరవై రెండేళ్లయింది, ఇంకా చెప్పలేదు. తిట్టినా బాగుండేది, ఆడపిల్లకు చదువెందుకు అన్నా ఒక మాట ఉండేది. పొద్దున అవునన్న మనిషి మధ్యాహ్నానికి కాదనడం, దానికి ఒక్క ముక్క కారణం చెప్పకపోవడం, అదే నాకు మింగుడు పడదు.

ఆ ఇంట్లో ఆ రోజు నా వైపు ఉన్నది నువ్వొక్కడివే. నీ పదో తరగతి ఇంగ్లీషు రీడరు తెచ్చి నా ఒళ్లో పెట్టావు. ఆ పుస్తకంతోనే అన్నా నేను పెళ్లయ్యాక ప్రైవేటుగా పది కట్టింది, మీ బావ ఉద్యోగంతో వచ్చిన ఈ మిలిటరీ క్వార్టర్లలో పదిమందితో మాట్లాడే ధైర్యం తెచ్చుకుంది. నీకు తెలియని ఇంగ్లీషు నా దగ్గర ఉందంటే అది నువ్వు ఇచ్చిందే. ఇంకోసారి నా ముందు సిగ్గుపడితే ఒప్పుకోను.

అశ్రితకు నా ఉత్తరాలు ఇచ్చెయ్.

నీ చెల్లె,
సుశీల

*

లాల్‌గడి మలక్‌పేట్,
11 ఫిబ్రవరి 1999

సుశీలా,

బాపు పడ్డాడు. పోయిన ఆదివారం పొలంలో కడీల మధ్య కాలు మడతపడింది. తుంటి ఎముక విరిగిందన్నారు. ఈ వయసులో ఆపరేషన్ తట్టుకోలేడని ఇంటికి పంపారు. మంచం మీదే అన్నీ. మాట బాగానే ఉంది. నిన్న మీ వదినతో, “సుశీలకు రాయకుండ్రి, రాలేక పరేషాన్ అయితది” అన్నాడు.

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు ఎనిమిదిసార్లు మొదలుపెట్టాను. బాపు ఇట్లా కాకపోతే ఈ ఉత్తరం ఎప్పటికీ రాసేవాణ్ని కాదు, అది కూడా నీకు చెప్పాలి.

ఆ రోజు జరిగిందంతా నీకు తెలియదు. మధ్యాహ్నం కన్నా ముందు నేను తోటకు పోయాను.

ఆ ఏడు నేను పది ఇంగ్లీషులో తప్పాను, గుర్తుందా? ముప్పై ఐదు రావాలి, పంతొమ్మిది వచ్చాయి. పెద్దసారు మన వాకిట్లో నిలబడి నీ గురించి చెప్పి, పోతూ పోతూ నా వైపు చూసి, “చెల్లెను చూసి నేర్చుకో” అన్నాడు. చుట్టుపక్కల వాళ్లందరూ ఉన్నారు. ఆ మాట మోసుకుని తోటకు పోయాను. బాపు బుట్టల్లో గడ్డి పరుస్తున్నాడు. ఏడ్చాను. “అది హాస్టలుకు పోయి సదువుకుంటె నేను ఊళ్లె తల ఎత్తుకోలేను. దాన్ని పంపితే నేను మళ్లీ పరీక్ష రాయ. ఇల్లు ఇడిసి పోత” అన్నాను. పోతానని బెదిరించాను చెల్లె. ఒక్కడే కొడుకును, బెదిరిస్తే భయపడతాడని తెలిసే బెదిరించాను.

బాపు చేతిలో ఉన్న బుట్టలో గడ్డి పరవడం ముగించాడు. ఆ తర్వాత లేచి, “నువ్వు గిట్లన్నట్టు ఇంట్ల చెప్పకు” అని, ఇంటికి నడిచాడు. మిగతాది నీకు తెలుసు.

రీడరు నీ మీద ప్రేమతో ఇవ్వలేదు. నీ మూట విప్పుతుంటే చూడలేక, చేతిలో ఏదో ఒకటి పెట్టి పారిపోదామని పెట్టాను. ఇరవై రెండేళ్లుగా ఆ పుస్తకానికి నువ్వు నాకు దండాలు పెడుతుంటే పెట్టించుకున్నాను.

‘వాళ్ల నాయిన పంపనన్నాడు’ అని బోర్డు మీద గుండ్రంగా రాశాను. అది రాసిన రోజు కూడా నాకు నా సంగతి గుర్తు రాలేదు, తప్పు పోకుండా దించడం మీదే ధ్యాస. పిల్లలు చదువుతుంటే గుర్తొచ్చింది. బాపు కంచంలో చెయ్యి కడిగినప్పుడు గుమ్మం దాకా వచ్చి, నేనే అని చెప్పబోయాను. చెప్పలేదు. నా బిడ్డ ముందు ఇంకొకసారి తప్పు పోవడం ఇష్టం లేకపోయింది.

కోపమంతా నా మీద పెట్టుకో. ఆయనను చూడడానికి రా.

రాఘవేందర్

*

జబల్‌పూర్,
3 మార్చి 1999

ఈ ఉత్తరం గౌరయ్య గారికి. చదవాల్సింది రాఘవేందర్. బాపు మంచం పక్కన కూర్చుని, వదిననూ అశ్రితనూ పిలిచి, వాళ్లకు వినపడేటట్టు చదవాలి. ఒక్క ముక్క వదలకూడదు, మెత్తగా చేయకూడదు.

బాపూ,

నేను సుశీలను. ఎదురుంగ కూసోని మాట్లాడుతున్న అనుకో.

నన్ను హాస్టలుకు పంపొద్దని నీ తాన ఏడ్సింది అన్న అని నాకిప్పుడు తెలిసింది. ఎవలో చెప్పలె, ఆయననే రాసిండు. వదినా, నువ్వు కూడ ఇను. అశ్రితా, నువ్వు బట్టీ పట్టిన పాఠంల తాతను పెట్టింది నేను బిడ్డా. తెలువక పెట్టిన. అండ్ల మీ నాయిన కూడ ఉండాలె.

అన్నా, ఆగినవా? చదువు.

బాపూ, ఇరవై రెండేండ్లు నేను నీ మీద పండ్లు కొరుక్కుంట బతికిన. నా పెండ్లిల నువ్వు కాళ్లు కడుగుతుంటే నేను పక్కకు చూసిన. అమ్మ పోయిన్నాడు నువ్వు నా చెయ్యి పట్టుకుందామని వస్తే గుంజుకున్న. అందరు చూసిండ్రు. గది యాదికొస్తే నాకు తల ఎత్తబుద్ధి అయితలేదు. యాప్రాల్ దాక వచ్చి పది రోజులుండి పోయిన. గంట దూరంల నువ్వు కూసోని ఉన్నవని తెలుసు, తెలిసే పోయిన.

ఒక్క మాట చెప్తే ఏమయ్యేది బాపూ? కొడుకు పేరు దాసనీకి బిడ్డ తాన ఇన్ని మాటలు పడ్డవ్. నాకు నీ మీద ఉన్న కోపం ఇప్పుడు ఏడ పెట్టాల్నో తెలుస్తలేదు.

నేను వస్తున్న. ఇరవయ్యో తారీఖు ఎక్కి, ఇటార్సీల బండి మారి, ఇరవై రెండు పొద్దున సికింద్రాబాద్ల దిగుత. నెల రోజులు ఉంట. నీకు తానం చేపిచ్చుడు, అన్నం పెట్టుడు నేను చేస్త.

నీ బిడ్డ
సుశీల

అన్నా, నీకు వేరే ఉత్తరం రాయడం లేదు. రాయాలని కూర్చుంటే చేతకావడం లేదు.

*

లాల్‌గడి మలక్‌పేట్,
12 మార్చి 1999

సుశీలా,

చదివాను. నువ్వు చెప్పినట్టే అందరినీ పిలిచి చదివాను. నా సంగతి దగ్గర నువ్వనుకున్నట్టే ఆగాను. బాపు “ఊఁ” అన్నాడు, మళ్లీ మొదలుపెట్టాను. మీ వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. అశ్రిత కదలకుండా నా వైపే చూసింది. ఎటైనా చూపు తిప్పుకుంటే బాగుండునని నాకు అనిపించింది. చదివాక పిల్ల లేచి నా చేతిలోంచి ఉత్తరం తీసుకుని మడత పెట్టి బాపు దిండు కింద పెట్టింది. నాలుగు రోజుల నుంచి నా స్కూటర్ ఎక్కడం లేదు, బస్సులో పోతోంది.

ఇరవై రెండున స్టేషన్‌కు వస్తాను. నువ్వు మొహం తిప్పుకున్నా సరే, సామాను నేనే మోస్తాను.

ఇవాళ పొద్దున బాపు నన్ను పిలిచి కాగితం తెచ్చుకోమన్నాడు. “నేను చెప్పిందే రాయాలె. నీది ఒక్క మాట కలపకు” అన్నాడు. ఇక్కడి నుంచి ఆయన మాట.

“బిడ్డా సుశీలా, నీ కాగితం మీ అన్న సదివిండు, నేను ఇన్న. నువ్వు నన్ను మంచోన్ని జేస్తున్నవ్. వద్దు బిడ్డా. వాడు అడిగిండు, నిజమే. పదారేండ్ల పోరడు. ఆ ఈడుల పోరగాండ్లు ఏడుస్తరు, ఏవేవో అడుగుతరు. కాదనుడు తండ్రి పని. నాకు గప్పుడు తోటల కాత మస్తుగుండె. కూలోళ్లు దొరుకుతలేకుండ్రి. నీ చెయ్యి జల్దీ చెయ్యి. నువ్వు పోతే ఎట్ల అని పొద్దుగాల్నుంచి నా మనసుల నేనే గుంజుకుంటున్న. వాడు ఏడ్సుకుంట రాంగనే నాకు సాకు దొరికింది. వాన్ని కాపాడనీకి వాని పేరు దాసిన అనుకుంటున్నవ్. గది గూడ కాదు. వాని పేరు చెప్తే నువ్వు, ‘వాడు అడిగితే నువ్వెట్ల ఒప్పుకున్నవ్ బాపూ’ అని అడుగుతవని భయమైంది. గా మాటకు నా తాన జవాబు లేకుండె. ఇప్పుడు గూడ లేదు. నువ్వొచ్చి నా పక్కపొంటి కూసుంటె నీ మొకం ఎట్ల సూడాల్నో తెలుస్తలేదు. మస్తు సిగ్గయితాంది బిడ్డా. ఐనా రా.”

చెప్పింది గౌరయ్య.
రాసింది రాఘవేందర్.